అమ్మానాన్నలతో లండన్: వీడియోల్లో కనిపించని చోట్లు ఏమున్నాయి?

కేపీహెచ్‌బీ కుర్రాడు అడిగారు:

అందరికీ నమస్తే. జూన్‌లో అమ్మానాన్నలని లండన్ తీసుకెళ్తున్నాను. అక్కావాళ్లు హౌన్స్‌లోలో ఉంటారు, బస అక్కడే. వీసాలు వచ్చేశాయి, శంషాబాద్ నుంచి హీత్రూకి నేరుగా వెళ్లే విమానానికి టికెట్లు కూడా తీసేశాను. అక్కా బావలకి ఆఫీసులు ఉంటాయి కాబట్టి మామూలు రోజుల్లో వాళ్లని తిప్పే డ్యూటీ నాదే.

నాన్న నరసరావుపేట దగ్గర హైస్కూల్లో తెలుగు మాస్టారుగా రిటైరయ్యి ఇప్పుడు మాతోనే ఉంటున్నారు. "అంత దూరం పోయి ఆ లండన్ ఐ అనే పెద్ద చక్రం ఎక్కి దిగడమేనా?" అని అప్పుడే మొదలుపెట్టారు. అమ్మకి మాత్రం కోహినూర్ చూస్తే చాలట. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు, మధ్యమధ్యలో కూర్చోవాలి. ఇద్దరూ శాకాహారులు. నేను సాఫ్ట్‌వేర్, నా చరిత్ర జ్ఞానం పదో తరగతి సోషల్ దగ్గర ఆగిపోయింది.

బిగ్ బెన్, టవర్ బ్రిడ్జి ఎలాగూ చూస్తాం. అవి కాక నాన్న నోరు మూయించే చోట్లు, అంటే నోరు తెరిపించే చోట్లు, ఉంటే చెప్పండి.

మియాపూర్ మైలేజ్:

బ్రో, పెద్దగా ఆలోచించకు. పైన ఓపెన్‌గా ఉండే టూరిస్టు బస్సుకి ఒకరోజు టికెట్ తీసుకుంటే అన్నీ కవర్ అయిపోతాయి, పెద్దవాళ్లకి నడక కూడా తప్పుతుంది. లండన్ ఐ మాత్రం ముందే ఆన్‌లైన్‌లో బుక్ చెయ్యి, అక్కడికక్కడ తీసుకుంటే రేటు ఎక్కువ.

చిక్కడపల్లి లైబ్రరీ:

బాబూ, మా అబ్బాయి లండన్‌లోనే ఈస్ట్ హామ్‌లో ఉంటాడు. వేసవిలో నేను అక్కడికి వెళ్తుంటాను. వాడు పనికి వెళ్లాక టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా సంచిలో వేసుకుని ఒక్కదాన్నే బస్సెక్కి తిరగడం నాకు అలవాటు. కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదువుకో.

మీ నాన్నగారు నరసరావుపేట వైపు వారు, అందులోనూ తెలుగు మాస్టారు. ఆయన్ని చక్రం ఎక్కిస్తానంటే విసుక్కోరూ మరి? తిన్నగా బ్రిటిష్ మ్యూజియంకి తీసుకెళ్లు. ప్రవేశం ఉచితం. ఈ మాట అందరూ చెప్పేదే, కాకపోతే వెళ్లినవాళ్లందరూ ఈజిప్టు మమ్మీల దగ్గర గుమిగూడి, ఫొటోలు దిగి, అలిసిపోయి బయటికొచ్చేస్తారు. నువ్వు మాత్రం ముందుగా 33ఎ అనే గదికి వెళ్లు. మాంటేగ్ ప్లేస్ అనే వీధి వైపు వెనక ద్వారం ఉంది, ఆ గది దానికి దగ్గర. అమరావతి స్తూపం రాళ్లు అక్కడున్నాయి. ఒకటీ రెండూ కాదు, శాసనాలతో కలిపి నూటికి పైగా ఆ మ్యూజియం దగ్గర ఉన్నాయి. అంతా మన పలనాటి సున్నపురాయి. మీ నాన్నగారి ఊరి నుంచి బస్సెక్కితే వెళ్లిపోయే దూరంలో చెక్కినవి.

1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ అమరావతి వచ్చి ఆ స్తూపం శిథిలాల దిబ్బని చూశాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్లని మద్రాసుకి పంపాడు. అక్కడ ఎండకీ వానకీ కొన్నాళ్లు పడి ఉండి, 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. బ్రిటిష్ మ్యూజియంకి వచ్చింది 1880లో. ఇదంతా గోడ మీద ఇంగ్లీషులో ఉంటుంది కానీ నాన్నగారికి నువ్వే ముందు చెప్పు, కొడుకు చెప్పాడన్న సంతోషం వేరు.

ఆ గదిలో ఒక పలకని తప్పకుండా వెతకండి. దానికి రెండు వైపులా శిల్పం ఉంది. ఒక వైపు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం నాటిది. బోధి చెట్టు, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ దణ్ణం పెడుతున్న జనం. బుద్ధుడి బొమ్మ ఉండదు, ఆ ఆసనమే ఆయన. మూడొందల ఏళ్ల తర్వాత ఎవరో శిల్పి అదే రాయిని తిరగేసి, వెనక వైపు స్తూపాన్నే చెక్కాడు, సింహాలతో, అలంకారాలతో సహా. అమరావతి స్తూపం నిలబడి ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఇప్పుడు మనం ఊహించుకునేది చాలావరకు ఇలాంటి పలకలని చూసే. ఒకే రాయికి రెండు కాలాలు. నేనైతే అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాను, అక్కడి కాపలా అతను నన్ను అనుమానంగా చూస్తుంటాడు.

ఒక జాగ్రత్త. ఆ గది ఒక్కోసారి మూసి ఉంటుంది. ముందురోజు మ్యూజియం వెబ్‌సైట్ చూసుకుని బయల్దేరు. శుక్రవారాలు రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచే ఉంటుంది, సాయంత్రం రద్దీ తగ్గుతుంది.

ఇక రెండోది. ఇది ఏ వీడియోలోనూ ఉండదు. సి.పి. బ్రౌన్ సమాధి లండన్‌లోనే ఉంది. మీ నాన్నగారి అలమరలో బ్రౌన్ నిఘంటువు ఉండే ఉంటుంది, లేకపోతే ఆయన తెలుగు మాస్టారే కాదు. ట్యాంక్‌బండ్ మీద విగ్రహం ఉంది కదా, ఆ బ్రౌనే. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించినవాడు, కడపలో సొంత డబ్బుతో పండితులని పెట్టుకుని తాళపత్రాలకి శుద్ధప్రతులు రాయించినవాడు. రిటైరై ఇంగ్లండు వెళ్లాక కూడా లండన్ యూనివర్సిటీలో తెలుగు చెప్పాడు. 1884 డిసెంబరు 12న పోయాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో పాతిపెట్టారు.

శ్మశానానికి పెద్దవాళ్లని తీసుకెళ్లడం ఏమిటని అనుకోకు. 1833లో మొదలైన తోట లాంటి చోటు అది, చెట్లూ పాత రాతి సమాధులూ తప్ప భయపెట్టేదేమీ ఉండదు. రవీంద్రుడి తాతగారు ద్వారకానాథ్ ఠాకూర్ 1846లో లండన్‌లోనే పోయారు, ఆయనదీ అక్కడే. నీకు కూడా ఒకటుంది బాబూ, కంప్యూటరుకి ఆద్యుడని చెప్పే చార్లెస్ బాబేజ్ సమాధి. తండ్రికి బ్రౌన్, కొడుకుకి బాబేజ్. స్థలం చాలా పెద్దది, సొంతంగా వెతికితే సాయంత్రమవుతుంది. వెళ్లేముందు ఆఫీసుకి మెయిల్ పెట్టి ఎక్కడుందో అడిగి పెట్టుకో.

భోజనం సంగతి. యూస్టన్ స్టేషన్ పక్కన డ్రమండ్ స్ట్రీట్ అని చిన్న వీధి ఉంది. భేల్‌పూరీలు, దోసెలు, శాకాహార థాలీలు అక్కడ దొరుకుతాయి. మన ఇంటి సాంబారుని మాత్రం ఆశించొద్దు. యూస్టన్‌లోనే 18వ నెంబరు బస్సెక్కితే హారో రోడ్డు మీదుగా కెన్సల్ గ్రీన్ వెళుతుంది. పొద్దున మ్యూజియం, మధ్యాహ్నం డ్రమండ్ స్ట్రీట్, తర్వాత బ్రౌన్. దారిలో టావిస్టాక్ స్క్వేర్‌లో గాంధీగారి విగ్రహం కూడా కనబడుతుంది, 1968లో పెట్టింది.

లండన్ ఐ సంగతి నన్నడిగితే, ఆ డబ్బుతో ముగ్గురూ కలిసి గ్రీనిచ్‌కి పడవ మీద వెళ్లి రండి. నది మీద నుంచి ఊరంతా కనిపిస్తుంది, అమ్మగారు కూర్చునే ఉండొచ్చు.

అల్వాల్ అన్న:

మేడమ్, అంతా బాగా రాసిన్రు. కానీ నాకొక్క సంగతి మింగుడుపడదు. మన రాళ్లు మన దగ్గర నుంచి పట్టుకపోయి అద్దాల గదిలో పెట్టుకున్నరు, మనం పోయి ఉచితంగా చూడనిచ్చిండ్రని సంబరపడాల్నా? కోహినూర్‌కైతే అదీ లేదు, టవర్ ఆఫ్ లండన్‌కి మనిషికి ముప్పై పౌండ్లకు పైనే. మన గోల్కొండ వజ్రం చూడనీకి మనమే పైసలు కట్టాలె. నేనైతే పోలేదు, పోను కూడా.

చిక్కడపల్లి లైబ్రరీ:

అన్నగారూ, మీ కోపం న్యాయమే, కోహినూర్ విషయంలో నాకూ అదే కోపం. 1849లో పంజాబు గెలిచి పదేళ్ల పిల్లాడైన మహారాజు దులీప్ సింగ్ చేత సంతకం పెట్టించుకుని తీసుకున్నదాన్ని బహుమతి అంటే ఎవరు ఒప్పుకుంటారు? పైగా 186 క్యారెట్లున్న వజ్రాన్ని 1852లో కోయించి 105 క్యారెట్లు చేశారు. ఇప్పుడది పోయిన ఎలిజబెత్ రాణీగారి తల్లి కిరీటంలో ఉంది. కొల్లూరు గనిలో దొరికిందని అంటారు, ఆ కొల్లూరు కూడా పలనాడే, ఇప్పుడు పులిచింతల నీళ్ల కిందకి పోయింది.

అమరావతి కథ మాత్రం అంత సూటిగా లేదు. మెకంజీ రాకముందే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్నం కట్టించుకుంటూ ఆ దిబ్బలోంచి రాళ్లు తవ్వించాడు. కొన్ని గోడల్లోకి పోయాయి, కొన్ని సున్నం బట్టీల్లో కాలిపోయాయి. లండన్ వెళ్లినవి మనకి తిరిగి రావాలా అంటే రావాలనే నేనంటాను. అంతవరకు మనవాళ్లు చూడకుండా ఉండటం వల్ల ఎవరికి నష్టం? నేను వెళ్లినప్పుడు ఆ గదిలో తెలుగు వినిపించడం అరుదు, పక్క హాల్లో నటరాజు దగ్గర సెల్ఫీలు దిగేవాళ్లు మాత్రం బోలెడుమంది.

కుర్రాడికి: అమ్మగారు కోహినూర్ అడిగారు కాబట్టి టవర్‌కి టికెట్ పెట్టు. వజ్రాల దగ్గర నిలబడనివ్వరు, కింద బెల్టు కదులుతూ ఉంటుంది, ఫొటోలు నిషేధం. రెండోసారి తిరిగొచ్చి బెల్టు ఎక్కొచ్చు, ఎవరూ ఏమనరు. పొద్దున తెరవగానే నేరుగా అక్కడికే వెళ్లండి.

టవర్ నుంచి బయటికొచ్చి కాస్త నడిస్తే సెయింట్ డన్‌స్టన్ ఇన్ ది ఈస్ట్ అనే పాత చర్చి. 1941లో బాంబులు పడి గోడలూ గోపురమే మిగిలాయి, లోపల తోట వేశారు. కిటికీల్లోంచి తీగలు పాకి ఉంటాయి, బెంచీలు ఉన్నాయి. అక్కడ మీ అమ్మగారు, నాన్నగారు విశ్రాంతిగా కూర్చుంటే నువ్వు ఒక్కడివీ లెడెన్‌హాల్ స్ట్రీట్ దాకా వెళ్లి రా. ఈస్టిండియా కంపెనీ హెడ్డాఫీసు ఉన్న వీధి. ఆ భవనాన్ని 1860లలో పడగొట్టారు, ఇప్పుడు గొట్టాలన్నీ బయటికి కనిపించే లాయిడ్స్ బిల్డింగు అక్కడుంది. మనల్ని అంతకాలం ఏలిన కంపెనీకి ఆ వీధిలో మిగిలిందేమీ లేదు. నాకు అది చూడ్డానికి బాగుంటుంది, ఏం చేయను.

ఓపిక ఉంటే ఆ చర్చి దగ్గర్నుంచి 15వ నెంబరు బస్సెక్కి సెయింట్ పాల్స్ దగ్గర దిగి పోస్ట్‌మ్యాన్స్ పార్కు కూడా చూడండి. ఇతరుల ప్రాణాలు కాపాడబోయి తాము చనిపోయిన మామూలు మనుషుల పేర్లని పింగాణీ పలకల మీద రాసి పెట్టారు, 1900 నుంచి ఉంది. నేను పులిహోర తినేది అక్కడే.

ధవళేశ్వరం టు దిల్‌సుఖ్‌నగర్:

బ్రౌన్ గారి దాకా వచ్చారు కాబట్టి కాటన్ దొరని వదలకండి. సర్ ఆర్థర్ కాటన్ 1899లో డార్కింగ్‌లో పోయారు, సమాధి కూడా అక్కడి శ్మశానంలోనే. లండన్ వాటర్లూ స్టేషన్ నుంచి రైల్లో సుమారు గంట. మా గోదావరి వాళ్లు అక్కడికి తీర్థయాత్రకి వెళ్లినట్టు వెళ్తారు. మాకు 1852లో ఆనకట్ట పూర్తవ్వకపోతే అన్నమే లేదు కదా. మీ నాన్నగారు పలనాడు కాబట్టి అంత తప్పనిసరి కాదేమో, ఆయన ఇష్టం.

ఇంకోటి, ప్రిమ్‌రోజ్ హిల్ దగ్గర 10, కింగ్ హెన్రీస్ రోడ్డులో అంబేద్కర్ గారు 1921-22లో చదువుకుంటూ ఉన్న ఇల్లు ఉంది. మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో కొని మ్యూజియం చేసింది. టైమింగ్స్ ముందే చూసుకోండి.

కేపీహెచ్‌బీ కుర్రాడు:

మేడమ్, చాలా థాంక్స్. ఇదంతా నాన్నకి చదివి వినిపించాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: బ్రౌన్ సమాధి మీద తెలుగులో ఏమైనా రాసుందా? నాకేం తెలుసు! వెళ్లి చూద్దాం అన్నాను. చక్రం ఊసు మళ్లీ ఎత్తలేదు.

అమ్మ మోకాళ్ల గురించే టెన్షన్. హౌన్స్‌లో నుంచి మ్యూజియంకి ఎలా వెళ్తే మెట్లు తప్పుతాయి? బస్సు, రైలు ఛార్జీలకి ఒక కార్డుతో ముగ్గురం వెళ్లొచ్చా?

చిక్కడపల్లి లైబ్రరీ:

ఒకే కార్డు కుదరదు. మనిషికో కార్డు ఉండాలి, ట్యూబ్‌లో, అంటే అక్కడి భూగర్భ రైల్లో, ఎక్కేటప్పుడూ దిగాకా రెండుసార్లూ తాకించాలి, బస్సులో ఎక్కేటప్పుడు ఒక్కసారే. దిగాక తాకించడం మరిచిపోతే ఎక్కువ కోస్తారు, నాన్నగారికి ఇది రెండుమూడుసార్లు చెప్పు. రోజుకి ఇంతకు మించి కోయరని ఒక పరిమితి ఉంటుంది, అందుకని రోజంతా ఒకే కార్డు వాడాలి. బస్సు ఎక్కిన గంట లోపు ఇంకో బస్సు ఎక్కితే దానికి మళ్లీ డబ్బు పడదు.

హౌన్స్‌లో నుంచి పికడిల్లీ లైన్. ఎక్కే స్టేషన్‌లో లిఫ్ట్ ఉందో లేదో మీ అక్కని అడుగు. హోల్‌బోర్న్ దాకా వెళ్లొద్దు, అక్కడ ఎస్కలేటర్లే. గ్రీన్ పార్క్‌లో దిగండి, లిఫ్టులున్నాయి. బయట 38వ నెంబరు బస్సు మ్యూజియం దగ్గరికి వెళుతుంది, అమ్మగారిని కింద అంతస్తులోనే కూర్చోబెట్టు. మ్యూజియంలో చక్రాల కుర్చీ అడిగితే ఇస్తారు, మొహమాటపడొద్దు. కెన్సల్ గ్రీన్‌కి మాత్రం ట్యూబ్ వద్దు, 18వ నెంబరు బస్సే నయం.

జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిది దాటాకే చీకటి పడుతుంది. వెలుతురు ఉంది కదా అని తిప్పుతూ పోకు, ఆరింటికల్లా అమ్మగారిని ఇంటికి చేర్చు. తెలుగు రాతల సంగతి నేను చెప్పను, మీ నాన్నగారే చూసి ఇక్కడ రాయమను. ఆయనకి ఒక ఐడీ క్రియేట్ చేసి పెట్టు.