గ్రహాంతరవాసులు ‘ఉన్నాయా’, ‘ఉన్నారా’?

ప్రశ్న: మా పాఠశాల పత్రిక కోసం పదో తరగతి విద్యార్థిని ఒకరు, విశ్వంలో మరెక్కడైనా బుద్ధి గల ప్రాణులు ఉండే అవకాశం గురించి చక్కని వ్యాసం రాసింది. శీర్షికలో ‘గ్రహాంతరవాసులు ఉన్నాయా?’ అని ఉంటే నేను ‘ఉన్నారా?’ అని దిద్దాను. మనుషులు కాని వాటికి ‘ఉన్నారు’ అని ఎలా అంటామని ఆ అమ్మాయి అడిగింది. తృప్తికరమైన జవాబు చెప్పలేకపోయాను. వ్యాకరణం తెలిసిన పెద్దలు వివరించవలసిందిగా మనవి.

సమాధానం: మీరు దిద్దినది సరైనదేనండీ, కానీ ఆ అమ్మాయి ప్రశ్న కూడా తేలికగా తీసివేయదగినది కాదు. ముందు మాట సంగతి చూద్దాం. సమాసం చివర వచ్చిన ‘అంతరం’ ఇక్కడ ‘మరొకటి’ అనే అర్థాన్ని ఇస్తుంది. దేశాంతరం మరో దేశమైనట్లే గ్రహాంతరం మరో గ్రహం. ఇక ‘వాసి’ అనే మాటను నగరవాసి, ఆశ్రమవాసి వంటి చోట్ల మనం ప్రధానంగా మనుషులకే వాడుతున్నాం కనుక, ‘నగరవాసులు ఉన్నాయి’ అన్నప్పుడు చెవికి ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో ‘గ్రహాంతరవాసులు ఉన్నాయి’ అన్నా అంతే ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘గ్రహాంతర జీవులు’ అని ఉంటే ‘ఉన్నాయా’ అన్నదే సహజం, ఎందుకంటే ‘జీవి’ అన్న మాటలో సూక్ష్మజీవి మొదలు తిమింగలం వరకు అన్నీ ఇముడుతాయి.

మనిషి కాని వాటికి ‘ఉన్నారు’ చెల్లుతుందా అన్నదే అసలు సందేహం. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలో మహత్తును, అంటే ‘వచ్చాడు’, ‘వచ్చారు’ వంటి రూపాలను పొందే నామవాచకాల వర్గాన్ని, నిర్వచించిన తీరు ఇక్కడ మనకు ఎంతో ఉపకరిస్తుంది. మహత్తంటే పురుషుడని బడిలో సులువు కోసం చెబుతాం గానీ సూరి అలా చెప్పలేదు. స్త్రీలు, తిర్యక్కులు (పశుపక్ష్యాదులు), జడాలు (ప్రాణం లేనివి) కానివి మహత్తులని, అంటే ఏవి కావో చెప్పి మిగిలినవాటిని మహత్తుల్లో చేర్చాడు. స్త్రీవాచకాలు కూడా బహువచనంలో మహత్తుల రూపాన్నే పొందుతాయి. ఆ నిర్వచనం వల్లనే దేవతలు, యక్షులు, గంధర్వులు, రాక్షసులు మానవులు కాకపోయినా ‘వచ్చారు’, ‘వెళ్లారు’ అనిపించుకుంటున్నారు. పశుపక్ష్యాదులూ జడపదార్థాలూ కాని వారు మరో గ్రహం మీద ఉన్నట్లయితే, వారికోసం కొత్త సూత్రం ఏదీ అవసరం లేదు.

ఇంకొక సంగతి. ఈ చిక్కు బహువచనంలోనే వస్తుంది. ఏకవచనంలో ‘వచ్చింది’ అన్న రూపం స్త్రీకీ జంతువుకూ వస్తువుకూ సమానంగా చెల్లుతుంది గనుక రచయిత ఏమీ తేల్చకుండానే వాక్యాన్ని ముగించవచ్చు. ‘ఉన్నాయా’, ‘ఉన్నారా’ అన్న చోట మాత్రం తేల్చక తప్పదు.

ఈ ఎంపిక కేవలం శబ్దానికి సంబంధించినది కాదని నా అభిప్రాయం. 1976లో కుజుడి మీద దిగిన రెండు వైకింగ్ అంతరిక్ష నౌకలు అక్కడి మట్టిలో సూక్ష్మజీవుల జాడ కోసం పరీక్షలు జరిపాయి. అవి అడిగినది ‘జీవం ఉందా?’ అని. 1960లో ఫ్రాంక్ డ్రేక్ అనే ఖగోళ శాస్త్రవేత్త అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ రేడియో దూరదర్శినిని టౌ సెటి, ఎప్సిలాన్ ఎరిడాని అనే రెండు నక్షత్రాల వైపు తిప్పి, హైడ్రోజన్ వెలువరించే 1420 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యానికి దగ్గరలో సంకేతాల కోసం విన్నాడు. ఆయన అడిగినది ‘ఎవరైనా ఉన్నారా?’ అని. తెలుగులో ‘ఏమి’, ‘ఎవరు’ అన్న రెండు ప్రశ్నపదాల మధ్య ఉన్న ఎడమే ఈ రెండు అన్వేషణల మధ్య కూడా ఉంది.

మరుసటి ఏడాది డ్రేక్ ప్రతిపాదించిన సమీకరణాన్ని తెలుగు వాక్యాలుగా రాసి చూస్తే ఇది మరింత స్పష్టమవుతుంది. మన పాలపుంతలో సంకేతాలు పంపగల నాగరికతలు ఎన్ని ఉండవచ్చో అంచనా వేయడానికి ఆయన ఏడు రాశులను గుణించాడు. మొదటి మూడూ నక్షత్రాలకు, గ్రహాలకు సంబంధించినవి. నాలుగవది జీవం పుట్టిన గ్రహాల వంతు, అయిదవది ఆ జీవం బుద్ధిగా వికసించిన గ్రహాల వంతు, ఆరవది సంకేతాలు పంపే స్థితికి చేరినవాటి వంతు, ఏడవది ఆ స్థితి నిలిచే కాలం. నాలుగవ రాశి వరకు మన వాక్యం ‘ఉంది’, ‘ఉన్నాయి’ అంటూ నడుస్తుంది. అయిదు, ఆరు దగ్గరికి వచ్చేసరికి ‘ఉన్నారు’ అవుతుంది. 1995లో 51 పెగాసి అనే నక్షత్రం చుట్టూ ఒక గ్రహం తిరుగుతోందని ఖగోళ శాస్త్రవేత్తలు మేయర్, క్వెలోజ్ ప్రకటించినప్పటి నుంచి వేల గ్రహాలు బయటపడ్డాయి గనుక మొదటి రాశుల మీద కొంత వెలుగు పడింది. నాలుగు మొదలుకొని మనకు తెలిసిన ఉదాహరణ భూమి ఒక్కటే. ఆ భూమి మీద కూడా జీవం కనీసం 350 కోట్ల సంవత్సరాల నాటిది కాగా, రేడియో సంకేతాలు పంపడం 19వ శతాబ్దం చివరిలో గాని మనకు చేతకాలేదు. ఇన్ని కోట్ల ఏళ్లలో ఎప్పుడు ఎవరు బయటి నుంచి మనవైపు చూసి ఉన్నా, దాదాపు ప్రతిసారీ ‘అక్కడ జీవులు ఉన్నాయి’ అనే చెప్పుకొని ఉండేవారు.

మరొక సభ్యుని సందేహం: మీ వివరణ బాగుంది గానీ, బుద్ధి ఉంటే ‘ఉన్నారు’ అనాలన్న మాటకు నేను అంగీకరించలేకపోతున్నాను. ఏనుగుకు, డాల్ఫిన్‌కు బుద్ధి లేదా? ‘ఏనుగులు ఉన్నారు’ అనం కదా. మరోవైపు, బుద్ధి లేని సూర్యుడు ‘ఉదయించాడు’ అంటున్నాం.

సమాధానం: మీ ఆక్షేపణ న్యాయమైనది. భాష చూసేది బుద్ధిని కాదు, ఎదుటివారిని పలకరించదగిన వ్యక్తిగా తలచామా లేదా అన్నదాన్ని. సూర్యుణ్ణి, కుజుణ్ణి, శుక్రుణ్ణి దేవతలుగా తలచాం కనుక వారు మహత్తులయ్యారు. అదే ‘శుక్రగ్రహం’ అనగానే ‘తిరుగుతోంది’ అంటాం. సూరి నీతిచంద్రికలో పావురాల రాజు చిత్రగ్రీవుడు, ఎలుక హిరణ్యకుడు పేర్లు పెట్టుకొని మనతో సమానంగా నీతులు మాట్లాడుతారు కనుకనే వారికి మహత్తు చెల్లింది. జటాయువు విషయంలో ‘పోరాడాడు’, ‘పోరాడింది’ అని రెండు రూపాలూ కనిపించడానికి కారణం కూడా, ఆయనను పక్షిగా చూడాలా, దశరథుని మిత్రునిగా చూడాలా అన్న ఊగిసలాటే అనుకుంటాను.

ఆ మాటకొస్తే తెలుగువారం గ్రహాంతరవాసులను ఇప్పటికే పలకరించాం. 1977లో బయలుదేరిన రెండు వాయేజర్ అంతరిక్ష నౌకల్లోని బంగారు పూత రికార్డులలో 55 భాషల పలకరింపులు ఉన్నాయి. వాటిలో తెలుగు ఒకటి. నమస్తే అని మొదలుపెట్టి, తెలుగు మాట్లాడే జనం తరఫున మా శుభాకాంక్షలు అని చెప్పే చిన్న వాక్యం అది. అందులో ‘నువ్వు’ గాని ‘మీరు’ గాని లేకపోయినా, నమస్తేలో ఉన్న సంస్కృత ‘తే’ అంటే ‘నీకు’ అనే అర్థం. వినేవారిని పలకరించదగిన వ్యక్తులుగా తలిస్తే తప్ప ‘నీకు’ అనలేం. అలాగే ఆ వాక్యంలో ఉన్నది ‘మన’ కాదు, ‘మా’. వినేవారిని కలుపుకొనే ‘మన’, కలుపుకోని ‘మా’ అనే రెండు రూపాలూ ఉన్న భాష గనుక, పంపేవారు వేరు, అందుకునేవారు వేరు అన్న సంగతి అందులో దానంతటదే స్పష్టమైంది.

ఈ దృష్టితో ఆ విద్యార్థిని వ్యాసాన్ని దిద్దేటప్పుడు, కుజుడి గురించిన భాగంలో ‘జీవం ఉందా’ అని, రేడియో సంకేతాల భాగంలో ‘ఎవరైనా ఉన్నారా’ అని ఉంచి, ‘బుద్ధిజీవులు’ అన్న మాట ఎక్కడైనా ఉంటే ‘బుద్ధి గల జీవులు’ అని మార్చమని నా సూచన. మొదటి మాట తెలుగులో మేధావులనే అర్థంలో ఎప్పుడో స్థిరపడిపోయింది.