రెఫ్యూజ్ అనాలా, డిక్లైన్ అనాలా?

కొత్త_కొలువు:
రెండు కంపెనీల నుంచి ఆఫర్ వచ్చింది. ఒకదానికి రాలేనని మెయిల్ పెట్టాలి. ‘ఐ రెఫ్యూజ్ యువర్ ఆఫర్’ అని రాసి, పంపబోయి ఆగాను. వ్యాకరణం తప్పుగా ఏమీ లేదు గానీ, చదువుతుంటే పోట్లాటకు దిగినట్టుంది. రెఫ్యూజ్, డిక్లైన్, రిజెక్ట్, డినై అన్నిటికీ ‘నిరాకరించు’ అనే అర్థం చెబుతున్నారు. సాయంత్రంలోగా పంపాలి, టెన్షన్‌గా ఉంది. ఏది వాడమంటారు?

దిద్దుబాటు:
ఆగి మంచి పని చేశారు. రెఫ్యూజ్ అంటే ససేమిరా అనడం. వాళ్లు మిమ్మల్ని బలవంతపెట్టలేదు కదా, రమ్మన్నారంతే. ‘ఐ రిగ్రెట్ దట్ ఐ మస్ట్ డిక్లైన్ యువర్ ఆఫర్’ అని రాయండి. రిజెక్ట్ అసలొద్దు, అది చూసి, పనికిరాదని పక్కన పడేయడం.

నా పని ఇంగ్లీషు డ్రాఫ్టులు దిద్దడం. రెఫ్యూజ్ దగ్గర మనవాళ్లు తడబడేది అర్థంలో కన్నా వాక్యం కట్టడంలోనే ఎక్కువ. ‘అతను రానన్నాడు’ అనడానికి ‘హి రెఫ్యూజ్డ్ నాట్ టు కమ్’ అని రాసేస్తారు. ‘రాను’లో ఉన్న వ్యతిరేకాన్ని నాట్‌గా పట్టుకొస్తారన్నమాట. రెఫ్యూజ్‌లో ఆ ‘కాదు’ ముందే ఉంది. ఇంకొకటి చేర్చితే రాకుండా ఉండనన్నాడని అర్థం తిరగబడుతుంది. ‘హి రెఫ్యూజ్డ్ టు కమ్’ చాలు. తర్వాత క్రియ వస్తే టు తోనే రావాలి, ‘రెఫ్యూజ్డ్ కమింగ్’ తప్పు. ‘రెఫ్యూజ్డ్ దట్’ కూడా కుదరదు.

వస్తువులకూ వాడతారు. ‘ద కార్ రెఫ్యూజెస్ టు స్టార్ట్’ అంటే బండి మొండికేసిందని. అక్కడ డిక్లైన్ పెట్టి చూడండి, బండి చేతులు జోడించి క్షమించమన్నట్టుంటుంది!

కొత్త_కొలువు:
థాంక్సండీ. మరి డినై సంగతి?

పాత_పంతులు:
చేయనంటే రెఫ్యూజ్, చేయలేదంటే డినై. ‘హి రెఫ్యూజ్డ్ టు టేక్ ద మనీ’ అంటే ఇచ్చినా పుచ్చుకోలేదు. ‘హి డినైడ్ టేకింగ్ ద మనీ’ అంటే తీసుకున్నావా అని అడిగితే లేదన్నాడు. నిజమే చెప్పాడో బుకాయించాడో ఆ మాటలో తేలదు. రెండూ కలిసే చోటు ఒకటుంది: అడిగింది ఇవ్వకపోవడం. వీసా ఇవ్వకపోతే ‘రెఫ్యూజ్డ్ హిమ్ ఎ వీసా’ అన్నా, ‘డినైడ్ హిమ్ ఎ వీసా’ అన్నా సరే.

పలకడంలోనూ జాగ్రత్త. ‘ఫ్యూ’ మీద ఒత్తి, చివర జడ్ పలికితేనే నిరాకరణ. ‘రె’ మీద ఒత్తి, చివర ‘స్’ అంటే చెత్తాచెదారం, అది నామవాచకం. స్పెల్లింగ్ మాత్రం ఒకటే. నిరాకరణకు నామవాచకం కావాలంటే రెఫ్యూజల్ ఉంది.

దిద్దుబాటు:
పంతులుగారు చెప్పింది సరైనది. ఒక చిన్న మాట: స్నేహితులతో చెప్పేటప్పుడు ‘ఐ టర్న్డ్ ఇట్ డౌన్’ అనండి. డిక్లైన్ ఉత్తరాలకు బాగుంటుంది, కబుర్లలో బిగుసుకుపోతుంది.