గ్రాంప్స్‌లో (వంశవృక్షం రాసుకునే సాఫ్ట్‌వేర్) "మూసీ వరదలకి చంటిపిల్ల" అని ఎలా ఎక్కించాలి?

ప్రశ్న: నాయనమ్మ పుట్టిన తేదీకి కాగితం లేదు. "మూసీ వరదలకి చంటిపిల్ల" అంటారు. పాత పుస్తకంలో కీలక నామ సంవత్సరం అని ఉంది. 'అబౌట్ 1908' (సుమారుగా) అని ఇస్తే చాలా? తాతయ్య నౌకరీ ఫసలీ (నిజాం సర్కారు ఏడాది లెక్క) 1340 నుంచి 1357 దాకా, అదెలా ఎక్కించాలి?

జవాబు: అబౌట్ వద్దండి. ఫిల్టర్లు అటూ ఇటూ 50 ఏళ్లు వెతుకుతాయి (ప్రిఫరెన్సెస్‌లో తగ్గించుకోవచ్చు). కీలక ఉగాది 1908 ఏప్రిల్‌లో, వరద సెప్టెంబర్ 28న. కాబట్టి 'బిట్వీన్ 1908-04 అండ్ 1908-09'.

ఇంకో జవాబు: నౌకరీకి మాత్రం బిట్వీన్ పెట్టకండి. దానర్థం ఆ మధ్యలో ఏదో ఒక రోజు. కాలమంతా అనడానికి 'ఫ్రమ్, టు' ఉంది. ఫసలీ క్యాలెండర్ గ్రాంప్స్‌లో లేదు. "ఫసలీ 1340" అని కొడితే ఉత్త అక్షరాలుగా మిగిలిపోతుంది, వయసు లెక్కకి రాదు. నిజాం ఫసలీ ఏడాది అక్టోబర్‌లో మొదలు, 590 కలపండి: 1340 అంటే 1930 అక్టోబర్ నుంచి ఏడాది, 1357 ముగిసేది 1948లో. 'ఫ్రమ్ 1930 టు 1948' ఇచ్చి, క్వాలిటీ 'ఎస్టిమేటెడ్' చేయండి. కాగితంలోని ఫసలీ అంకె నోట్‌లో తప్పకుండా ఉంచండి.

ప్రశ్న: హిజ్రీ తేదీలైతేనో?

జవాబు: మార్చక్కర్లేదండి. తేదీ ఎడిటర్‌లో క్యాలెండర్ 'ఇస్లామిక్' ఎంచుకోండి.