మగచేప గుడ్లు మోస్తే ఏమనాలి?

వాసంతి: పిల్లల పత్రికకి పైప్‌ఫిష్ గురించి ఒక పేజీ రాస్తున్నాను. ఇది సముద్రపు గుర్రానికి దాయాది. నేను ఎంచుకున్నది నీలిచార పైప్‌ఫిష్, శాస్త్రనామం డోరీరాంఫస్ ఎక్సైసస్. మహా అయితే 7 సెంటీమీటర్లు. నారింజ రంగు ఒళ్లు, దాని పొడుగునా నీలి చార. పగడపు దిబ్బల సందుల్లో, గుహల్లో జంటగా తిరుగుతుంది. గుడ్లు మోసేది మగది. నేను "మగచేప గర్భం దాలుస్తుంది" అని రాస్తే, ఎడిటర్ గారు "పొదుగుతుంది" అని దిద్దారు. మీరేమంటారు?

శ్రీధర్: పొదగడం అంటే గుడ్ల మీద కూర్చుని వెచ్చదనం ఇవ్వాలి కదండీ. చేప ఒంటికే వెచ్చదనం లేదు, గుడ్లకేం ఇస్తుంది?

స్వరూప: మా దిక్కు బర్రె ఈనింది అంటం, మనిషైతే కన్నది అంటం. కడుపుతోని ఉన్న బర్రెను సూడి బర్రె అంటం. చేపకు ఇవేవీ అనంగ నేను వినలే.

వాసంతి: "సూడి మగచేప" అని వేస్తే పిల్లల సంగతేమో గానీ పెద్దలు ఫోన్లు చేస్తారు స్వరూప గారూ.

నజీర్: మాట సంగతి తర్వాత, ముందు గుడ్లు ఎక్కడుంటాయో చూడండి. ఈ కుటుంబమంతటా మోసేది మగదే, కానీ మోసే తీరు ఒకటి కాదు. సముద్రపు గుర్రం మగదానికి తోక మొదట్లో మూసుకుపోయే సంచి ఉంటుంది. దాని లోపలి గోడల్లో రక్తనాళాలు అల్లుకుని, పిండాలకు ఆక్సిజన్ అందిస్తాయి. సంచిలో ఉప్పదనం కూడా పిండాలకు తగ్గట్టు మారుతుంది. అక్కడ "గర్భం" అంటే నాకు అభ్యంతరం లేదు. ఐరోపా తీరాల్లో ఉండే నెరోఫిస్ అనే పైప్‌ఫిష్‌కి అసలు సంచే లేదు, గుడ్లు పొట్టకి అతుక్కుని ఉంటాయంతే. మీ నీలిచారది కూడా సముద్రపు గుర్రం లాంటి సంచి కాదు. ఆడది గుడ్లను మగదాని మొండెం అడుగున అంటిస్తుంది. కాబట్టి గర్భమూ కాదు, పొదగడమూ కాదు. "మోస్తుంది" చాలు.

శ్రీధర్: మోయడం మరీ చప్పగా లేదూ? బస్తాలూ మోస్తాం.

నజీర్: "నవమాసాలు మోసింది" అన్నప్పుడు చప్పగా అనిపించలేదుగా!

లక్ష్మణరావు: అందరూ "కను"ని వదిలేశారు. తెలుగులో కనడం ఆడవాళ్ల సొత్తు కాదు. దశరథుడు నలుగురు కొడుకుల్ని కన్నాడంటే ఎవరికీ వింతగా ఉండదు. కన్నతల్లి ఎంత మామూలు మాటో కన్నతండ్రీ అంతే. మనుషుల్లో ఆ "కన్న" నాన్నకి మర్యాద కోసం దక్కింది, ఈ చేపకి మాత్రం అక్షరాలా వర్తిస్తుంది. శీర్షిక "కన్నతండ్రి" అని పెట్టండి.

వాసంతి: బాగుందండీ! కానీ "మగచేప పిల్లల్ని కన్నది" అనాలా, "కన్నాడు" అనాలా?

లక్ష్మణరావు: కథయితే కన్నాడు, వ్యాసమయితే కన్నది. జంతువుకి మగదైనా "అది" అనే వాడతాం. మీది రెండూ కలిసిన పేజీలా ఉంది, మీ ఇష్టం.

నజీర్: ఒక్క జాగ్రత్త. కన్నాక పెంచడం ఉండదు. పిల్లలు పొదిగి బయటపడగానే నీటివాలున పోతాయి, తండ్రి వాటిని మళ్లీ పట్టించుకోదు. "కని పెంచే తండ్రి" అని మాత్రం రాయకండి.

శ్రీధర్: నజీర్ గారూ, "పొదిగి" అని మీరే రాశారు.

నజీర్: గుడ్డు చిట్లడం అని చదువుకోండి బాబూ. వాసంతి గారూ, ఈ చేప పెద్ద చేపల ఒంటి మీది పరాన్నజీవుల్ని పేలు ఏరినట్టు ఏరుకు తింటుంది, అది తప్పక రాయండి. ఇంకోటి, 2001లో ఈ కుటుంబం మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేరింది. "పట్టి సీసాలో పెంచండి" లాంటి పెట్టెకట్టు ఏదైనా ఉంటే తీసేయండి.

వాసంతి: అలాంటిది లేదు. "మోస్తుంది" లోపల, "కన్నతండ్రి" పైన పెట్టి పంపుతున్నాను. ఎడిటర్ గారు ఏమంటారో రేపు ఇక్కడే చెబుతా.