రన్‌వే పొడవు లెక్కలో 35 శాతం దాటితే ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. శంషాబాద్ విమానాశ్రయం ఎత్తు తీసుకుని రన్‌వే పొడవు కట్టే లెక్క చేస్తున్నాను, ఒకచోట ఆగిపోయాను.

మూల పొడవు (సముద్రమట్టంలో, ప్రామాణిక వాతావరణంలో సరిపోయే పొడవు) 2,100 మీటర్లు అనుకున్నాను. సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తు కాబట్టి, ప్రతి 300 మీటర్లకు 7 శాతం చొప్పున పెంచితే సుమారు 2,402 వచ్చింది. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 11 డిగ్రీలు. రిఫరెన్స్ ఉష్ణోగ్రత (అక్కడి వేడిని బట్టి లెక్కకు తీసుకునేది) 35 వేసుకున్నాను. తేడా 24 డిగ్రీలు, డిగ్రీకి 1 శాతం. మొత్తం 2,979 మీటర్లు. వేడికి గాలి పలచబడి రెక్కలకు లిఫ్ట్ తగ్గుతుంది, ఇంజన్ల బలమూ తగ్గుతుంది కాబట్టి పెరగడం సబబే.

చిక్కల్లా ఇక్కడే: ఈ రెండూ కలిపి దాదాపు 42 శాతం పెరిగింది. 35 దాటితే ప్రత్యేక అధ్యయనం చేయాలని ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) మాట. మన ఎండలకు చాలా ఊళ్లలో ఇదే పరిస్థితి కదా!

ఆ అధ్యయనం అంటే విమాన తయారీదారుల టేకాఫ్ చార్టులు చూడటమేనా? వాటిలో బరువు ఎంత తీసుకోవాలి? రన్‌వే వాలుకు చేసే సవరణను 2,979 మీదే వేయాలా? ఎయిర్‌పోర్ట్ ప్లానింగ్‌లో పనిచేసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్. వచ్చే వారమే సబ్మిషన్, టెన్షన్‌గా ఉంది.