‘కింకాస్ బోర్బా’ సీరియల్ పాఠం ఎక్కడ దొరుకుతుంది?

అందరికీ నమస్కారం. పోర్చుగీస్ సాహిత్యంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. బ్రెజిల్ రచయిత మషాదు ద అసీస్ నవల ‘కింకాస్ బోర్బా’ 1891లో పుస్తకంగా వచ్చింది. అంతకుముందు 1886 నుంచి రియో డి జనీరోలో ఒక ఫ్యాషన్ పత్రికలో సీరియల్‌గా నడిచింది. (గౌన్ల బొమ్మల పత్రికలో మతి తప్పే మనిషి కథ!) పుస్తకానికీ దానికీ చాలా తేడా ఉంది. నాకు కావాల్సింది ఆ సీరియల్ పాఠమే.

బ్రెజిల్ జాతీయ గ్రంథాలయం వాళ్ల డిజిటల్ పత్రికల భాండారంలో వెతుకుతున్నాను. మొదటి రెండు రోజులూ వృథా. నవలలో వచ్చే ‘ఫిలొజొఫియా’ (తత్వశాస్త్రం) అనే మాటను ఇప్పటిలా ‘ఎఫ్’తో కొడితే ఒక్కటీ రాలేదు. అప్పట్లో ‘పీహెచ్’తో రాసేవారని గుర్తొచ్చి కొడితే పేజీలు వచ్చాయి. కానీ స్కాన్‌లో అక్షరాలు అలుక్కుపోయిన చోట ఆ చిట్కా కూడా పనిచేయట్లేదు.

అలాంటి పేజీలు అడిగితే మళ్లీ స్కాన్ చేసి పంపుతారా? ఎవరికి, ఎలా రాయాలి? పణజిలోని కృష్ణదాస్ శామా గ్రంథాలయంలో పాత పోర్చుగీస్ పుస్తకాలున్నాయి కదా, అక్కడ బ్రెజిల్ పత్రికలు ఎవరైనా చూశారా? గోవా టికెట్ కొనేముందు తెలిస్తే బాగుంటుంది.