ఫ్లోరెన్సులో మూడు రోజులు: ఏ చర్చీలు, ఏ పలాజ్జోలు చూడాలి?

ప్రశ్న: హబ్సిగూడ బాటసారి

అందరికీ నమస్కారం. వచ్చే మార్చిలో మేము నలుగురం, అంటే అమ్మ, నాన్నగారు, నా భార్య, నేను, హైదరాబాదు నుంచి ఇటలీ వెళుతున్నాము. రోము, వెనిస్ నగరాల ఏర్పాట్లన్నీ టూరు వాళ్లే చూసుకుంటున్నారు కాని, మధ్యలో ఫ్లోరెన్సులో మాత్రం మూడు పూర్తి రోజులు మా ఇష్టానికి వదిలేశారు. నాన్నగారు సివిల్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు, వయసు 68. చుట్టాలను చార్మినారుకు తీసుకెళితే మిగతావాళ్లంతా గాజుల దుకాణాల వైపు నడుస్తారు, ఆయన మాత్రం అక్కడే నిలబడి గచ్చు పూతను వేలితో తడిమి చూస్తారు. అమ్మకు గుడి అయినా, చర్చి అయినా, దర్గా అయినా లోపల పది నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోనిస్తే చాలు.

నేను రాసుకున్న జాబితాలో పద్నాలుగు చర్చీలు, తొమ్మిది పలాజ్జోలు ఉన్నాయి. ఫొటోలలో చూస్తే రెండో చర్చికీ ఐదో చర్చికీ తేడా తెలియడం లేదు. వెళ్లివచ్చినవారు దయచేసి చెప్పండి: వీటిలో ఏవి తప్పక చూడాలి, ఏవి మొహమాటం లేకుండా వదిలేయవచ్చు? పలాజ్జోల లోపలికి వెళ్లాలా, బయటినుంచి చూస్తే సరిపోతుందా? పెద్ద చర్చి గుమ్మటం పైకి ఆయన ఎక్కగలరా?

సమాధానం 1: గచ్చుసున్నం

ఉద్యోగరీత్యా ఆ ఊరికి దగ్గరలో రెండేళ్లు ఉన్నాను, ఇప్పుడు సికింద్రాబాదులో ఉంటున్నాను. మీ జాబితా చూడలేదు కాని, దానిని పక్కన పెట్టమనే చెబుతాను. చర్చీలు వేరు, పలాజ్జోలు వేరు అని రెండు వరుసలుగా రాసుకోవడంలోనే చిక్కు వస్తుంది. మన తెలంగాణ పల్లెల్లో దొర గడి ఒకచోట, ఆ దొర కట్టించిన గుడి మరోచోట ఉంటాయి, రెండూ చూస్తేగాని ఆ ఇంటి కథ అర్థం కాదు. పదిహేనో శతాబ్దపు ఫ్లోరెన్సులో రాజు లేడు, ఊరిని నడిపించినది వడ్డీ వ్యాపారంతోను, ఉన్ని, పట్టు వ్యాపారాలతోను ఎదిగిన కొన్ని కుటుంబాలు. అక్కడ పలాజ్జో అంటే రాజభవనమే కానక్కరలేదు, పెద్ద ఇల్లు ఏదైనా పలాజ్జోయే. ఆ ఇంటివారు బతికింది పలాజ్జోలో, డబ్బు ధారపోసిందీ సమాధి అయిందీ చర్చిలో. అందుకని ఇంటినీ, ఆ ఇంటివారి చర్చినీ జంటగా చూడండి.

మొదటి జంట మెడిచి కుటుంబానిది. 1444లో మిచెలోజ్జో అనే వాస్తుశిల్పి చేత మొదలుపెట్టించిన వారి ఇల్లు ఇప్పుడు పలాజ్జో మెడిచి రిక్కార్డి. వీధిలో నిలబడి కిందినుంచి పైకి చూస్తే, కింది అంతస్తు రాళ్లు కొండనుంచి అప్పుడే తెచ్చినట్లు ఉబ్బెత్తుగా ఉంటాయి, రెండో అంతస్తుకు వచ్చేసరికి అతుకుల గీతలు మాత్రమే మిగులుతాయి, మూడోది పూర్తిగా నున్నగా ఉంటుంది. నాన్నగారికి ఆ గోడ ఒక్కటే గంటసేపు సరిపోతుంది. దీని లోపలికి మాత్రం తప్పక వెళ్లండి, ఎందుకంటే మేడ మీద చిన్న ప్రార్థన గది ఒకటి ఉంది. 1459లో బెనొజ్జో గొజ్జోలి దాని గోడలన్నిటి మీదా బెత్లెహేముకు బయలుదేరిన ముగ్గురు రాజుల ఊరేగింపును చిత్రించాడు. గుంపులో ఎర్ర టోపీ మీద తన పేరు రాసుకున్న మనిషి ఆ చిత్రకారుడే, వెతికి పట్టుకోండి. తరువాత 1659లో ఆ ఇల్లు కొన్న రిక్కార్డీలు మెట్ల కోసమని గదిలో ఒక మూలను కోసి లోపలికి జరిపించారు. దానితో ముసలి రాజుగారి గుర్రం రెండు ముక్కలై, చెరొక గోడ మీదా ఉండిపోయింది. ఇల్లు కొన్నవాళ్లు చేసే మార్పులు ఏ దేశంలోనైనా ఇలాగే ఉంటాయి కాబోలు.

అక్కడినుంచి రెండు నిమిషాల నడకలో సాన్ లొరెంజో వస్తుంది. ముందు గోడ మొరటు రాళ్లతో, పూత లేని ప్రహరీలా కనిపిస్తే దారి తప్పామని అనుకోకండి. మైకెలాంజెలో దానికి పాలరాతి ముఖభాగం గీశాడు కాని, 1520లో ఆ పని రద్దయింది, ఆ గోడ ఇప్పటికీ అలాగే ఉంది. లోపల వాస్తుశిల్పి బ్రునెలెస్కి వేసిన బూడిదరంగు రాతి స్తంభాలు, తెల్లని గోడలు తప్ప కంటిని అల్లరిపెట్టేవి తక్కువ కనుక, మీ అమ్మగారు కూర్చోవలసిన చోటు ఇదే.

రెండో జంట రుచెల్లాయ్ వారిది. వారి పలాజ్జోను బయటినుంచి చూస్తే చాలు. వాస్తుశిల్పి ఆల్బెర్టి గీసిన ఆ ముఖభాగంలో రాతి అతుకులుగా కనిపించే గీతలు చాలావరకు నిజమైన అతుకులు కావు, పలకల మీద చెక్కిన గాట్లు. దగ్గరికి వెళ్లి చూస్తే అసలు అతుకు ఒకచోట, గీసిన అతుకు మరోచోట దొరుకుతాయి. కుడి అంచున పని ఉన్నట్టుండి తెగిపోయి రాళ్లు మొండిగా మిగిలిపోవడం కూడా చూడండి. అదే జొవాన్ని రుచెల్లాయ్ డబ్బుతో అదే ఆల్బెర్టి సాంతా మరియా నొవెల్లా చర్చి ముఖభాగాన్ని పూర్తిచేశాడు. దాని మీద అడ్డంగా దాత పేరు, 1470 అనే సంవత్సరం లాటిన్ అక్షరాలలో కనిపిస్తాయి. మన గుళ్లలో ఫ్యాను రెక్కల మీద దాతల పేర్లు రాయించేవారికి పెద్దన్న ఈయన.

లోపల ఎడమ గోడ మీద మసాచ్చో 1427 ప్రాంతంలో వేసిన త్రిత్వ చిత్రం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ) దగ్గర కొంత వెనక్కి జరిగి నిలబడితే, చదునైన గోడలో నిజంగానే ఒక కమాను గది ఉందనిపిస్తుంది. దాని కింద పడుకోబెట్టిన అస్థిపంజరం మీద, నేనూ ఒకప్పుడు నీలాంటివాడినే, నువ్వూ రేపు నాలాంటివాడివే అనే అర్థంలో ఒక వాక్యం ఉంది. 1570 ప్రాంతంలో వాస్తుశిల్పి వసారి ఈ చిత్రానికి అడ్డంగా కొత్త వేదిక కట్టించడంతో, అది దాదాపు మూడు వందల ఏళ్లు ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది.

ఇదే చర్చిలో ఫిలిప్పో స్ట్రోజ్జి సమాధి కూడా ఉంది. 1489లో మొదలైన ఆయన పలాజ్జో దగ్గరలోనే ఉంది కనుక దారిలో చూడవచ్చు. గోడలకు బిగించిన ఇనుప దీపాలు చేసిన కమ్మరికి కపార్రా అనే మారుపేరు ఉండేది, దానికి అర్థం బయానా. ముందుగా బయానా చేతిలో పడనిదే పని ముట్టుకునేవాడు కాదట.

సమాధానం 2: తార్నాక టపా

పై సమాధానం బాగుంది, నేను కొన్ని ఆచరణ విషయాలు కలుపుతాను. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. చీర, పంజాబీ డ్రెస్సు అయితే చింత లేదు. నేను చేతులు లేని కుర్తా వేసుకుని, చున్నీ హోటల్లోనే వదిలేసి వెళ్లి, ఒక చర్చి గుమ్మంలోనే ఆగిపోయాను. లోపలికి వెళ్లిన మావారు బయటకు వచ్చి ఎంత బాగుందో వర్ణించి చెబుతుంటే నాకు ఎలా ఉంటుందో ఊహించుకోండి. మగవారు టోపీ తీయాలి. మీ అమ్మగారు అలవాటు కొద్దీ గుమ్మం దగ్గర చెప్పులు విడవబోతారు, అక్కడ విడవనక్కరలేదని ముందే చెప్పండి.

జేబులో యూరో నాణేలు ఉంచుకోండి. కొన్ని చర్చీలలో చిత్రాలున్న మూలలు చీకటిగా ఉంటాయి, పెట్టెలో నాణెం వేస్తే దీపం వెలిగి కొద్దిసేపటికి టప్పున ఆరిపోతుంది. సాంతా త్రినితాలో గిర్లాందాయో చిత్రించిన సస్సెట్టి ప్రార్థన గదిని నేను ఇలా ముక్కలు ముక్కలుగానే చూశాను. కొన్ని చిన్న చర్చీలు మధ్యాహ్నం తలుపులు మూస్తాయి కనుక చర్చీలకు పొద్దున, పలాజ్జోలకు భోజనం తరువాత అని పెట్టుకోండి, ఆదివారం ఉదయం మాత్రం ప్రార్థనలు ఉంటాయి. మెడిచి రిక్కార్డికి బుధవారం, పిట్టికి సోమవారం సెలవు. అయినా బయలుదేరే ముందు వారి వెబ్‌సైట్లలో మరొకసారి సరిచూసుకోండి.

సమాధానం 3: గోల్కొండ మెట్లు

గుమ్మటం గురించి ఎవరూ చెప్పలేదు కనుక చెబుతున్నాను. మొత్తం 463 మెట్లు, లిఫ్టు లేదు. గోల్కొండలో బాలాహిస్సారు వరకు ఎక్కగలిగినవారు దీన్నీ ఎక్కగలరు అని అనవచ్చు కాని, గోల్కొండలో అలసిపోతే గాలి తగిలే చోట కూర్చోవచ్చు, ఇక్కడ ఆ అవకాశం తక్కువ. దారి ఇరుకు, వెనక మనుషులు వస్తూనే ఉంటారు. మోకాళ్ల నొప్పి, ఆయాసం, ఇరుకు చోట్లంటే భయం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా వద్దనే చెబుతాను. లేకపోతే, ఒక ఇంజనీరుకు ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. ఈ గుమ్మటం లోపలి పెంకు ఒకటి, బయటి పెంకు ఒకటి, పై మెట్లు ఆ రెండింటి మధ్యనుంచే వెళతాయి. 1420లో పని మొదలుపెట్టినప్పుడు నేలనుంచి కొయ్య సెంట్రింగ్ నిలబెట్టకుండానే కడతానని బ్రునెలెస్కి ఒప్పుకొని, 1436కల్లా కట్టి చూపించాడు. పడుకోబెట్టిన ఇటుకల మధ్య కొన్నిటిని నిలువుగా పెట్టి, అవి మెలిక తిరుగుతూ పైకి పోయేలా పేర్చడంతో తడి సున్నంలో కొత్త వరస జారిపోకుండా ఆగింది. మెట్లు ఎక్కుతూ పక్క గోడలో ఆ ఇటుకల వరసను చూడవచ్చు. గుమ్మటం టికెట్టుకు సమయం ముందుగానే ఖరారు చేసుకోవాలి, కింద చర్చిలోకి ప్రవేశం ఉచితం.

జంటల పద్ధతిలో ఒక లోటు కూడా చెప్పాలి. దానిని గట్టిగా పట్టుకుంటే సాన్ మార్కో మఠాన్ని వదిలేస్తారు, అది పొరపాటు. సన్యాసులు ఉండిన ఒక్కొక్క గదిలో ఫ్రా ఆంజెలికో, ఆయన శిష్యులు ఒక్కొక్క చిత్రం వేశారు. ధూళి, గుంపు, బంగారు పూత ఏవీ లేని ఆ గదులు నాకు మిగతా ఊరంతటికన్నా ఎక్కువగా గుర్తున్నాయి.

సమాధానం 4: గచ్చుసున్నం

సాన్ మార్కో కూడా మెడిచి డబ్బుతో మిచెలోజ్జో తిరిగి కట్టినదే, మెడిచీల ఇల్లు కట్టించిన పెద్ద కోసిమోకు అక్కడ సొంత గదులు ఉండేవి. కాబట్టి అది మొదటి జంటలోనే చేరుతుంది, నేనే రాయడం మరిచాను. మొదటి రోజు పొద్దున్నే అక్కడికి వెళ్లండి, మధ్యాహ్నం రెండు లోపే మూసేస్తారు.

నది అవతల పిట్టి పలాజ్జో సంగతి కూడా చెప్పేస్తాను. లూకా పిట్టి 1458లో మొదలుపెట్టిన ఇంటిని 1549లో తరువాతి తరం మెడిచి అయిన డ్యూకు కోసిమో భార్య ఎలియొనోరా కొన్నది. 1565లో వసారి పాత ప్రభుత్వ భవనం నుంచి ఈ ఇంటి వరకు వీధులకు పైగా, పాత వంతెన మీదుగా ఒక మూసిన దారి కట్టాడు. ఆ దారి సాంతా ఫెలిచితా చర్చి ముందు భాగాన్ని ఆనుకుని పోతుంది, లోపల పై వైపు ఒక బాల్కనీ కనిపిస్తుంది. ఏలికలు వీధిలో కాలు పెట్టకుండా, నలుగురిలో కలవకుండా అక్కడి నుంచే ప్రార్థన వినేవారు. మెడిచీలు రెండు వందల అడుగులు నడిచి చర్చికి వెళ్లిన రోజులనుంచి ఇక్కడికి వచ్చేసరికి వందేళ్లలో ఏమి మారిందో ఆ బాల్కనీ చూస్తే తెలుస్తుంది. పిట్టి లోపల చిత్రాలు గోడల నిండా ఉంటాయి, ఓపిక అయిపోతే సగంలోనే బయటకు వచ్చి బోబొలి తోటలో కూర్చోండి.

ప్రశ్న వేసినవారు: హబ్సిగూడ బాటసారి

అందరికీ కృతజ్ఞతలు. అన్నీ ప్రింటు తీసి నాన్నగారికి ఇచ్చాను. మోకాలి గురించి డాక్టరును అడిగి గుమ్మటం సంగతి తేల్చుకుంటాము. ఆయన మాత్రం ఒక్కటే అడుగుతున్నారు: తాను ఎక్కలేకపోతే ఆ కట్టుబడిని కిందినుంచి చూసే మార్గం ఏమైనా ఉందా అని.

సమాధానం 5: గోల్కొండ మెట్లు

ఉంది. చర్చి వెనక ఉన్న ఒపేరా మ్యూజియంలో (పాటల ఒపేరా కాదు, ఆ చర్చి మ్యూజియమే) గుమ్మటం కొయ్య నమూనా, బ్రునెలెస్కి ముఖపు అచ్చు ఉన్నాయి. ఘిబెర్తి చేసిన బంగారు తలుపుల అసలు పలకలు కూడా అక్కడే ఉన్నాయి, బయట బాప్తిస్మ మందిరానికి ఉన్నవి నకళ్లు. మీరు, మీ భార్య గుమ్మటం ఎక్కి దిగేలోపు నాన్నగారినీ అమ్మగారినీ అక్కడ వదిలితే సరిపోతుంది.